కుడి మణికట్టు మీది మసి

జబ్బుతో స్నేహం చేశామనీ, అది తమకు ఎంతో నేర్పిందనీ రాసేవాళ్ళను చదివాను. వాళ్ళ మనసు పెద్దది కావచ్చు. నాది కాదు. ఓసీడీ నా ఎనిమిదేళ్ళు తిన్నది. నా భార్యను ఇంట్లోంచి పంపేసింది. ఊరి ముందు నా తల దించింది. దాని మీద నాకు ఉన్నది పగ. ఆ పగ కొంత తీర్చుకున్నాను, ఇంకా తీర్చుకుంటూనే ఉన్నాను. ఎలాగో రాస్తే, ఇదే జబ్బుతో తలుపేసుకుని కూర్చున్న ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను. రాస్తే నాకూ కొంత నిలకడ వస్తుంది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది గార్లదిన్నె మండలంలో ఒక మెట్ట ఊరు. మా ముత్తాత నాటికి ఊరి చేన్లలో సగం మావి. కరువులు కొంత, కోర్టులు కొంత, ఒకదాని వెనక ఒకటి ఎండిపోయిన బోర్లు కొంత తినగా ఇప్పుడు నా పేరున తొమ్మిది ఎకరాలుంది. "పెద్దిల్లు" అన్న పేరు మాత్రం పోలేదు. ఆ పేరుతో పాటు ఒకే ఒక్క మర్యాద మిగిలింది. దాన్ని తొలి పిడికిలి అంటారు.

మొదటి వాన పడి నేల విత్తడానికి పదునయ్యాక, ఊళ్ళో ఎవరి విత్తే గొర్రూ కదలకముందు, దాని వెనక నడుస్తూ విత్తనం వదిలే ఆడవాళ్ళు మా చేని గట్టున వరసగా నిలబడతారు. పెద్దింటి పెద్దకొడుకు పళ్ళెంలోంచి పసుపు కలిపిన వేరుశనగ గింజలు పిడికెడు తీసి ఒక్కొక్కరి ఒడిలో పోస్తాడు. ఆ తర్వాతే ఊరంతా విత్తుతుంది. గొర్రును ఎద్దులకు బదులు ట్రాక్టర్‌కు కట్టే రోజులొచ్చినా ఇది మారలేదు, ఎందుకంటే గింజ వదిలేది ఇప్పటికీ ఆడవాళ్ళే. వరసగా మూడేళ్ళు పెద్దకొడుకు చెయ్యి రాకపోతే, ఆ మూడేళ్ళూ పోసినవాడిదే ఇక ఆ మర్యాద. ఇది ఏ కాగితం మీదా లేదు. అయినా మా ఊళ్ళో దీన్ని కాదన్నవాడు లేడు. నాయన పోయాక ఆ పళ్ళెం నా చేతికి వచ్చింది. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు.

జబ్బు ఒక మేకతో మొదలైంది. ఆ ఏడు విత్తనానికి పురుగు మందు కలిపి ఆరబోశాను. తొలి పిడికిలి గింజలకు పసుపు తప్ప ఏమీ కలపం. మిగతా విత్తనానికి మందు తప్పదు. ఎవరిదో మేక వచ్చి అందులో మూతి పెట్టి, మా గడప ముందే కాళ్ళు కొట్టుకుని చచ్చింది. చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నా తలలో ఒక మాట పుట్టింది: రేపు మనిషి.

నా చేతికంటిన మందు ఎవరి అన్నంలోకో పోతుంది. వాళ్ళు చస్తారు. చంపింది నేను. ఇదే మాట. చేతులు కడిగితే కాసేపు ఊరుకునేది. మళ్ళీ లేచేది. విత్తనాల రోజులు అయిపోయాయి, మందు డబ్బా పారేశాను, అది మాత్రం పోలేదు. తలుపు గడియ ముట్టుకుంటే కడగాలి. కడిగిన చేత్తో కుళాయి కట్టేస్తే మళ్ళీ కడగాలి. మోచేతుల దాకా కడగాలి. సబ్బును కూడా కడగాలి.

మా నాయనమ్మను మేము జేజి అంటాం. ఆమె నన్ను చూసి మురిసిపోయింది.

"చూడండి, అచ్చం మా మామే! ఆయన గూడా అంతే. చేన్లోంచి వస్తే ఆరు చెంబులు పోయించుకుంటేగాని గడప తొక్కేవాడు గాదు. దుడ్లు పోతాయి, చేన్లు పోతాయి, రక్తం యాడికి పోతాది!"

ఇంటికొచ్చిన బంధువులందరికీ ఈ మాట చెప్పేది. వాళ్ళు తలలూపేవారు. నేనూ నమ్మాను. ఇంట్లో పోవలసినవన్నీ పోగా ముత్తాత నుంచి నాకు వచ్చింది ఇదొక్కటే అనుకుని, వీపు నిటారుగా పెట్టి, గర్వంగా కడుక్కున్నాను. జబ్బును వంశ లక్షణం అనుకోవడం మా ఇంట్లోనే చెల్లుతుంది. కూలి ఇంట్లో పుట్టి ఉంటే రెండో నెలలోనే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకుపోయేవారు. నన్ను ఈడ్చడానికి ఏడేళ్ళు పట్టింది.

అందులో మొదటి ఐదేళ్ళూ తొలి పిడికిలి ఇలా నడిచింది. ఒక ఒడిలో గింజలు పోస్తాను. పక్కనే పెట్టుకున్న బిందెలో చెయ్యి కడుక్కుంటాను. రెండో ఒడిలో పోస్తాను. మళ్ళీ కడుక్కుంటాను. ముందున్న ఆమెకు నా చేతి విషం అంటకూడదని కడిగేవాణ్ణి. ఎదురుగా ఒడి పట్టుకుని నిలబడిన వాళ్ళకు అది ఎలా కనపడుతుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆలోచించడం మా ఇంట్లో అలవాటు లేదు.

నా భార్య పద్మది రాయదుర్గం. అందరికంటే ఎక్కువ పడింది ఆమే. నేను వడ్డించిన అన్నం ఆమె తిన్నాక మొదలుపెట్టేవాణ్ణి.

"బాగుండావు కదా? కడుపులో ఏం లేదు కదా?"

"బాగుండా."

ఐదు నిమిషాలకు మళ్ళీ అడిగేవాణ్ణి. మళ్ళీ "బాగుండా" అనేది. ఒకరోజు చేతిలోని గరిటె కింద పెట్టి నా ముందు నిలబడింది.

"ఏమయ్యా, నేను నీకు పెండ్లామా, సబ్బు బిళ్లా? నా మాటతో గూడా కడుక్కుంటాండావు నువ్వు."

తర్వాత నన్ను చూసిన డాక్టర్లెవరూ ఈ జబ్బును ఇంత సూటిగా చెప్పలేదు. ఆ రోజు మాత్రం నాకు కోపం వచ్చింది. పెద్దింటి కోడలికి ఈ నోరేమిటని అరిచాను. అరిచి, కడుక్కోవడానికి పోయాను.

ఆరో ఏడు జూన్‌లో మంచి పదునైంది. ఆడవాళ్ళు గట్టున నిలబడ్డారు. బిందె నీళ్ళు నాకు చాలలేదు. గింజలు పిడికిట్లోకి తీస్తాను, తల లోపల ఆ మాట మొదలవుతుంది, గింజలు పళ్ళెంలో వేసి బోరు తొట్టి దగ్గరికి పరుగెడతాను. వస్తాను. మళ్ళీ పోతాను. ఎండెక్కింది. వరసలో ఒకామె కూర్చుండిపోయింది. ఎవరో నవ్వారు. అప్పుడు మా చిన్నాయన ముందుకొచ్చి పళ్ళెం తీసుకున్నాడు.

చిన్నాయన మా నాయన తమ్ముడు. అనంతపురంలో ఉంటాడు. తెల్ల బట్టలు, రెండు ఫోన్లు, ప్రతి పెళ్ళికీ ప్రతి చావుకీ హాజరు. ఏదో ఒక పదవి వస్తుందని ఇరవై ఏళ్ళుగా ఎదురు చూస్తున్నాడు. ఊరంతా వరసగా నిలబడి తన చేతివైపు చూసే ఫోటో ఆయనకు ఇంకెక్కడా దొరకదు.

"మావానికి ఒంట్లో బాగలేదులే. పట్టండమ్మా ఒడి," అన్నాడు. పది నిమిషాల్లో పోసేశాడు. వెంట వచ్చినవాడు ఫోటోలు తీశాడు.

అంతటితో ఆగి ఉంటే ఇంటి పరువు కాపాడాడని నేనే దండం పెట్టేవాణ్ణి. ఆయన ఆగలేదు. బంధువుల దగ్గర, "పాపం, నరసింహునికి తల చెడింది" అన్నాడు. కూలిజనం ఉండే వాడకు పోయి ఇంకోటి చెప్పాడు: "వానికి మీరంటే అంటు. మీ కొంగు తగిలినా పదిసార్లు కడుక్కుంటాడు, ఈ కాలంలో గూడా." రెండు చోట్లా నమ్మారు. నమ్మేలాగే ఉన్నాను నేను.

ఏడో ఏడు నేను గట్టు దాకా కూడా పోలేదు. బాత్రూములో గడియ వేసుకుని డప్పు చప్పుడు విన్నాను. ఆ చప్పుడు ఆగిందంటే పోయడం అయిపోయిందని అర్థం. ఆగేంతవరకూ కడుగుతూనే ఉన్నాను.

శ్రావణంలో పద్మ వెళ్ళిపోయింది. రాయదుర్గంలో వాళ్ళ అన్నకు జీన్సు కుట్టే చిన్న యూనిట్ ఉంది. బట్టలు సర్దుకుంటూ, "ప్యాంట్లు కుట్టుకుంటా. అవైనా ఒకసారి కుడితే మళ్ళా విప్పి కుట్టమనవు," అంది. బస్సెక్కింది. పెద్దింటి కోడలు మిషన్ తొక్కుతోందని చిన్నాయన జిల్లా అంతా చెప్పి వచ్చాడు. ఆమె ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పాను. "అవును, తొక్కుతాండా. మిషన్ బాగా తొక్కుతానని చెప్పమను," అంది.

ఫిబ్రవరిలో ఆమె తిరిగొచ్చింది. కుట్టు యూనిట్లో పక్క మిషన్ ఆమె చెల్లెలికి ఇదే జబ్బు ఉండేదట. లోపలికొచ్చి చెప్పులు విప్పకుండానే అంది:

"లెయ్. నీ దానికి పేరుండాది. పేరుంటే మందుంటాది. బయల్దేరు."

"ఎవురన్నా చూస్తే?"

"చూడనీ. రెండేండ్లుగా చూస్తానే ఉండారు గదా, కొత్తగా ఏం చూస్తారు?"

అనంతపురంలో ఆ ఆసుపత్రి పేరు రాయను. మనసు జబ్బుల విభాగం మేడ మీద, చివర్లో ఉంటుంది. నడవాలో ఒకే పొడుగాటి బెంచీ. ఆ బెంచీ మీద కూర్చోవడానికి నాకు గంట పట్టింది. కొంత చేతుల భయం, కొంత పరువు భయం. తువ్వాలు తలమీదుగా కప్పుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాను. అక్కడికి రావడం ఎవరైనా చూస్తే ఇక ఈ మూడో ఏడైనా పళ్ళెం పట్టే సంగతి మరచిపోవలసిందే. "పిచ్చాసుపత్రి చెయ్యి" నుంచి ఎవరు విత్తనం పట్టుకుంటారు?

"ఏం నరసింహప్పా, నువ్వు ఈడ?"

మరియమ్మ. మా ఊళ్ళో విత్తనం వదిలే ఆడవాళ్ళ జట్టుకు ఆమే పెద్ద. తొలి పిడికిలి వరసలో ముందు నిలబడేది ఆమే. తువ్వాలు ఇంకా కిందికి లాక్కున్నాను.

"పని మీద వచ్చినా," అన్నాను.

"ఈడికి అందురూ పని మీదే వస్తారులే," అని బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చింది. "మా తమ్మున్ని తెచ్చినా. వాడు మూడు నెలలుగా నిద్రపోడు. నీకేమి?"

తువ్వాలు కింద నుంచి నా చేతులు కనపడ్డాయి. వేళ్ళ సందుల్లో పగిలి, చెమ్మ కారుతూ, మోచేతి దాకా ఎర్రగా.

"అయ్యో దేవుడా! ఏమప్పా ఈ చేతులు! సున్నంలో పెట్టినావా?"

అప్పుడు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. పద్మకు తప్ప ఇంకెవరికీ చెప్పని సంగతి. మేక, మందు, నా చేతి నుంచి వాళ్ళకు విషం పోతుందన్న భయం, అందుకే ప్రతి ఒడికీ కడగడం. మరియమ్మ వంగి నా చేతులు మళ్ళీ చూసింది.

"మా అంటు కడుక్కుంటాండావనుకుంటిమి గదప్పా. ఇన్నేండ్లూ తిట్టుకుంటిమి. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎవురికియ్యాల?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"నీది జబ్బే, సరే. మీ ముత్తాతది గూడా జబ్బేనా? ఆయప్ప మా అవ్వకు విత్తనం పైనుంచి ఇసిరేవాడంట, చెయ్యి తగలకుండా."

ఆ ఆరు చెంబులు ఎవరి అంటు కడగడానికో జేజి ఎప్పుడూ చెప్పలేదు. ఏడేళ్ళు నేను గర్వంగా మోసిన పోలిక ఇది. క్షమించమనే మాట మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. ఆ బెంచీ మీద అది నోటి దాకా వచ్చి ఆగిపోయింది. లోపలి నుంచి నా పేరు పిలిచారు. "పో, పో, నీ పని చూసుకో" అంది మరియమ్మ.

ఊరికి పోయాక వారం రోజులు ఎదురు చూశాను, ఈ సంగతి ఎప్పుడు పొక్కుతుందా అని. పొక్కలేదు. రక్తసంబంధం ఉన్నవాడు లేనిది కూడా చెప్పాడు. ఈమె ఉన్నది చూసి కూడా చెప్పలేదు.

డాక్టర్ మాత్రలు రాశారు. అసలు పోరు పక్క గదిలో జరిగింది. అక్కడ కౌన్సెలింగ్ చేసే మేడమ్ ఉండేది. చిన్న మనిషి, పెద్ద గొంతు. మొదటి రోజే, "ఇది మీ గుణం కాదు, మీ వంశం గుణం కాదు, జబ్బు" అంది. మా వంశం సంగతి ఈమెకేం తెలుసని నాకు మండింది. రెండో వారం ఆమె టీ కొట్టు నుంచి ఒక గిన్నె తెప్పించింది. అడుగంతా మసి.

"కుడి చేత్తో తాకండి. సాయంత్రం దాకా కడగొద్దు. తలలో ఏమొచ్చినా జవాబు చెప్పొద్దు. కావచ్చు, కాకపోవచ్చు అని వదిలేయండి."

"ఎవరైనా చస్తే?"

"చూశారా, జవాబు అడుగుతున్నారు. కావచ్చు, కాకపోవచ్చు."

మసి మణికట్టు లోపలి వైపు, బొటనవేలి కింద అంటింది. సరిగ్గా అక్కడే నేను రోజూ ఎక్కువ రుద్దేది. ఆ నాలుగు గంటలు ఎలా గడిచాయో రాయలేను. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. పద్మ పక్కన కూర్చుని శనక్కాయలు వొలుచుకుని తింటూ, నేను "బాగుండావా" అని అడిగినప్పుడల్లా నోరు మూసుకుంది. మేడమ్ అలా ఉండమని చెప్పిందట. ఆమె మౌనం మీద నాకు ఎంత కోపమొచ్చిందో! సాయంత్రానికి ఎవరూ చావలేదు. మేడమ్ నా మణికట్టును ఫోన్‌లో ఫోటో తీసి, "ఇది మీరు గెలిచిన మొదటి మరక" అని నాకు పంపింది.

మార్చి, ఏప్రిల్ ఇదే యుద్ధం. తలుపు గడియ. బస్సు కమ్మీ. పచ్చి మట్టి. చివరికి మందు డబ్బా ఉన్న గది తలుపు. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. ఒక్కోరోజు నాలుగు వెనక్కి. ఇదే జబ్బున్నవాళ్ళకు ఒక్కటి చెప్తాను: మొదటి నెల బాగుపడుతున్నట్టు ఉండదు, చర్మం ఒలిచినట్టు ఉంటుంది. అయినా ఆపొద్దు.

అటు చిన్నాయన ఊరి పెద్దలతో మాట్లాడి పెట్టుకున్నాడు. ఈసారి కూడా తనే పోస్తే మూడేళ్ళు నిండుతాయి. తన కొడుక్కి కొత్త పంచె కూడా కొన్నాడని విన్నాను.

మే నెలలో పచ్చబొట్టు పొడిపించుకోవాలని తీర్మానించుకున్నాను. ఎనిమిదేళ్ళు ఈ జబ్బు నాచేత ఈ చెయ్యి కడిగించింది. దానికి కడిగినా పోని మరక ఒకటి పెట్టాలి. అది బ్రతికినన్నాళ్ళూ దాన్ని చూస్తూ ఉండాలి. నా పగ ఇంతే.

జేజి గోల పెట్టింది. "పచ్చబొట్టు ఆడోళ్లకురా, కూలోళ్లకురా! పెద్దింటి మగోడు పొడిపించుకునేదేందిరా! మా మామ చూసింటే..."

"మీ మామ చూడాలనే పొడిపించుకుంటాండా, జేజీ," అన్నాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పద్మా నేనూ పోయిన టాటూ షాపు అనంతపురంలో, ఒక సెల్‌ఫోన్ దుకాణం మీద. నడిపేది ఇమ్రాన్, గుంతకల్లు వాడు. గోడ నిండా సింహాలు, దేవుళ్ళు, అమ్మల పేర్లు, నాయకుల మొహాలు.

"మొహం వేయించుకుంటావా అన్నా? ఆలోచించి చెప్పు. పోయినవారం ఒకాయన వచ్చినాడు. వాళ్ళ నాయకుని మొహం రొమ్ము మీద వేసిచ్చింటి. ఇప్పుడు పార్టీ మారినాడంట, మీసం తీసేసి వేరే మొహం చేస్తావా అంటాండాడు."

నేను ఫోన్‌లో మేడమ్ పంపిన ఫోటో చూపించాను. అతను దాన్ని పెద్దది చేసి, తిప్పి, మళ్ళీ తిప్పి చూశాడు.

"ఇదేందన్నా? మసి గదా?"

"మసే."

"మసి కోసరం ఇంత దూరం వచ్చినావా? మా ఇంటికాడ గిన్నెల నిండా ఉండాది, ఊరికే ఇస్తా."

"అది పోతాది. నాకు పోనిది కావాల."

"కొంచెం సాపు చేసి, ఆకు మాదిరి చేద్దామా? బాగుంటాది."

"వంకర వంకరగానే ఉండాల. ఫోటోలో ఎట్లుంటే అట్ల. సాపు చేస్తే లేచిపోతా."

అతను నా మొహం చూశాడు, నా చేతులు చూశాడు. "ఎవురి మీదన్నా ఇంత కోపం?" అన్నాడు.

"ఈ చెయ్యి కడిగేవాని మీద."

సూది మొదలైంది. చర్మం ఇంకా పూర్తిగా మానలేదు, కాబట్టి నొప్పి బాగానే ఉంది. ఎనిమిదేళ్ళలో నేనే కోరుకుని, నేనే చోటు చూపించి తీసుకున్న నొప్పి అది. పళ్ళు బిగించి, వీపు వంచకుండా కూర్చున్నాను. అయ్యాక ఇమ్రాన్ దాని మీద క్రీము రాస్తూ చెప్పాడు:

"రోజూ మెల్లగా సబ్బుతో కడుక్కో అన్నా."

పద్మ, నేనూ మొహాలు చూసుకున్నాం.

"ఎన్నిసార్లు?" అన్నాను.

"ఎన్నిసార్లైనా పర్వాలే, శుభ్రంగా ఉంటే చాలు."

"అట్ల చెప్పొద్దప్పా. అంకె చెప్పు."

"రెండు."

"మూడోసారి కడిగితే?"

ఇమ్రాన్ పద్మ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "రంగంతా పోతాదన్నా. మళ్ళా మొదటి నుంచి పొడవాల," అన్నాడు. నిజమో అబద్ధమో నాకు తెలియదు. కనుక్కోలేదు కూడా. రెండుసార్లే కడిగాను.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. పదిహేను రోజుల తర్వాత నాకొక కొత్త అలవాటు మొదలైంది. భయం వేసినప్పుడల్లా పచ్చబొట్టు చూసుకోవడం. చూస్తే నెమ్మది. మళ్ళీ చూడాలి. మేడమ్ వెంటనే పట్టేసింది. "దీన్ని తాయత్తు చేసుకున్నారు. కడగడం మానేసి చూడటం మొదలుపెట్టారు. జబ్బు వేషం మార్చింది, అంతే." నాకు ఒళ్ళు మండిపోయింది. నేను దాని మీద పెట్టిన మరకలోంచే అది తల దూర్చింది! పది రోజులు మణికట్టుకు గుడ్డ కట్టి తిరిగాను. చూడకుండా ఉండటం నేర్చుకున్నాక విప్పాను. పచ్చబొట్టు మందు కాదు. దెబ్బ కొట్టేది మనమే, అది కొట్టిన చోట మిగిలే గుర్తు.

జూన్ చివర్లో వాన పడింది. పదును బాగా దిగింది. డప్పు మోగింది.

గట్టు మీదికి నేను వెళ్ళేసరికే చిన్నాయన ఉన్నాడు. తెల్ల బట్టలు, ఫోటోలవాడు, కొత్త పంచెలో కొడుకు. ఊరి పెద్దలు తుమ్మచెట్టు నీడన నిలబడ్డారు. ఆడవాళ్ళు పదకొండు మంది వరసలో ఉన్నారు. పళ్ళెం దగ్గర చిన్నాయన ఒక బక్కెట్ నిండా నీళ్ళు పెట్టించాడు. దాని అంచు మీద కొత్త సబ్బు, కాగితం కూడా విప్పి.

"రారా నరసింహా," అన్నాడు అందరికీ వినపడేలా. "నీకని పెట్టించినా. కడుక్కో. మాకేం తొందర లేదు, సాయంత్రం దాకా నిలబడతాం."

కొందరు నవ్వారు. ఫోటోలవాడు ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. నేను పళ్ళెం అందుకున్నాను. చొక్కా చెయ్యి జారి మణికట్టు బయటపడింది.

"ఇదేమిరా, పచ్చబొట్టు? మసిబొగ్గు పూసుకున్నట్టుండాది! చూడండప్పా, పెద్దింటి పెద్దకొడుకు!" చిన్నాయన ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "ఈ చేతి నుంచి తీసుకుంటారా మీరు? మీ వెనకే కడిగేసుకుంటాడు, ఇన్నేండ్లూ చూసినారు గదా."

ఆడవాళ్ళు మరియమ్మ వైపు చూశారు. నా తలలో ఆ మాట లేచింది. పాత మాటే, పాత గొంతే. ఒడి పట్టడం, పట్టకపోవడం వాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళు పట్టకపోతే మూడో ఏడు నిండిపోయినట్టే. నేను బ్రతిమాలలేదు. బ్రతిమాలడం నాకు రాదు. ఫిబ్రవరిలో బెంచీ మీద ఆగిపోయిన మాట ఒక్కటే అన్నాను, అందరి ముందూ, కొంచెం గట్టిగానే:

"మరియమ్మా, ఇన్నేండ్లు మీ ముందర చేతులు కడిగినాను. తప్పు. మా ముత్తాతది గూడా తప్పే."

మరియమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత బక్కెట్ వైపు నడిచింది. చీర కొంచెం పైకెత్తి, బురద కాళ్ళ మీద దోసిళ్ళతో నీళ్ళు పోసుకుంది.

"మంచి పని చేసినావు సామీ," అంది చిన్నాయనతో. "పొద్దున్నించి బురదలో ఉంటిమి. రాండే, సబ్బు గూడా ఉండాది."

పదకొండు మందీ వచ్చి కాళ్ళు కడుక్కున్నారు. బక్కెట్ అడుగున ఎర్రటి బురద మిగిలింది. మళ్ళీ వరసలోకి పోయారు. మరియమ్మ ఒడి పట్టింది.

పోశాను. ఇసరలేదు. చెయ్యి ఒడిలోకి పెట్టి పిడికిలి విప్పాను. ఆమె చనిపోతుందని తల చెప్పింది. కావచ్చు, కాకపోవచ్చు. రెండో ఒడి. మూడో ఒడి. చెమట కంట్లోకి కారింది, తుడుచుకోలేదు. పద్మ ట్రాక్టర్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె వైపు చూడలేదు. పదకొండో ఒడి అయింది.

వరస చివర్లో మా ఇంటి మగవాళ్ళు పెద్దకొడుకు చేతి నుంచి విత్తనం పట్టడం ఆచారం. పట్టినవాడు ఆ చేతిని ఒప్పుకున్నట్టు. నేను పళ్ళెంతో పోయి చిన్నాయన ముందు నిలబడ్డాను.

"పట్టు చిన్నాయనా, కండువా."

ఆయన పెద్దల వైపు చూశాడు. వాళ్ళు నేల చూశారు. ఆయన తెచ్చిన ఫోటోలవాడు ఇంకా తీస్తూనే ఉన్నాడు, ఎప్పుడు ఆపాలో అతనికి ఎవరూ చెప్పలేదు. "కండువా తెల్లగా ఉండాది, పసుపు మరక పోతాదో పోదో!" అని వరసలోంచి ఎవరో అన్నారు. ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. చిన్నాయన కండువా తీసి రెండు చేతులా పట్టాడు. పిడికిలి నిండా తీసి పోశాను. కావాలనే నా వేళ్ళు ఆయన చేతికి ఆనించాను.

అప్పుడు తల లోపలి మాట అన్నిటికంటే గట్టిగా అరిచింది: నీ చేతిలో విషం ఉంది, ఈయన చస్తాడు, చంపింది నువ్వు.

ఎనిమిదేళ్ళలో మొదటిసారి దానికి నేను కోరి జవాబు చెప్పాను. చస్తే చావనీ.

అది ఒక్కసారిగా ఆగిపోయింది. ఏమనాలో దానికి తోచినట్టు లేదు. ఈ సంగతి తర్వాత మేడమ్‌కు చెప్తే, వైద్యం ప్రకారం ఇది సరైన జవాబేననీ, కానీ ఇంత సంతోషంగా చెప్పినవాళ్ళను చూడలేదనీ అంది.

ట్రాక్టర్ కదిలింది. ఊరంతా విత్తింది. చిన్నాయన మధ్యాహ్నానికే కారెక్కి అనంతపురం వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మాట మళ్ళీ మొదలైంది. ఫోన్ చేసి కనుక్కో, ఒక్కసారి గొంతు విను, చాలు అంది. ఫోన్ నా జేబులోనే ఉంది. పద్మ చూస్తూ ఉంది.

"చిన్నమామకు ఫోన్ చేయాలనుండాదా?"

"ఉండాది."

"చేస్తావా?"

"చేయను."

ఇది జరిగి నాలుగు నెలలైంది. వేరుశనగ పీకడం కూడా అయిపోయింది. ఆయన బాగానే ఉన్నాడని ఊళ్ళో వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. నేనైతే కనుక్కోలేదు.